చాచిన చెయ్యి

“మన ముసలి కోతి గట్టెక్కిందయ్యా! ఒంట్లో వైరస్ ఆనవాలే లేదు. టీకా పనిచేసింది,” అంది డాక్టరమ్మ ఫోన్లో.

ఎయిడ్స్ టీకా పరీక్షల కోతులను సాకే కాపరికి గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆ మాట వాటికీ చెబుదామని అంత రాత్రివేళ బోనుల గదిలోకి వెళ్లాడు.

లోపల చీమ చిటుక్కుమనడం లేదు. సూదుల ట్రే చప్పుడు వింటేనే చేతులు చాచడం వాటికి అలవాటు. ఇప్పుడు ట్రే లేదు. అయినా అన్ని చేతులూ ఊచల్లోంచి చాచి ఉన్నాయి.

“రక్తం తియ్యనర్రా, పడుకోండి,” అని నవ్వుతూ ఒక్కో చెయ్యీ నిమురుకుంటూ నడిచాడు.

ఆఖరి బోను దగ్గర ఆగిపోయాడు. పోల్చి చూడ్డానికని టీకా వేయకుండా వైరస్ ఎక్కించిన పిల్లకోతి చనిపోయాక ఆ బోను ఖాళీగానే ఉంది. సూదంటే ఆ పిల్లకోతికి హడలు. చాచిన చెయ్యి గడగడలాడేది.

ఆ బోనులోంచీ ఒక చిన్న చెయ్యి చాచి ఉంది.

కాపరి మెల్లగా దాన్ని అందుకున్నాడు.

ఈసారి అది వణకలేదు.