పాదరసం ముందు ఊపిరి

మా యూనివర్సిటీ మేడ మీదున్న థర్మామీటరును ముప్ఫై ఒక్క ఏళ్లు, ఒక్క రాత్రీ తప్పకుండా, తొమ్మిదింటికి మా ప్రొఫెసర్ మేడమే చూసి రాశారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూలీలతో పని చేయించకూడదన్న చట్టం, రాత్రిళ్లు కూడా వేడి తగ్గడం లేదని చూపించిన ఆ నోటుపుస్తకాల మీదే నిలబడింది. నిన్న కూడా రాశారు. ఇంటికెళ్లి నిద్రలోనే పోయారు.

"ఒక్కరోజు మానేస్తే కొంపలేం మునగవులే అమ్మా," అన్నాడు వాచ్‌మన్ తాళాలిస్తూ.

"మునుగుతాయన్నా," అని, ఆవిడ శిష్యురాలిని, నేనే మెట్లెక్కాను.

"ఊపిరి బిగబట్టి చూడు తల్లీ, లేకపోతే ఆ వేడికి పాదరసం పైకి పాకుతుంది," అని నేర్పింది మేడమే. టార్చి వేసి, గట్టిగా గాలి పీల్చి బిగబట్టాను. నాతోపాటే పక్కన ఇంకెవరో పీల్చిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

గబగబా ఇరవై ఎనిమిదిన్నర అని రాసి ఊపిరి వదిలాను. పక్కనున్నవాళ్లు మాత్రం వదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను నిలబడి పైనుంచి చూశాను. మోకాళ్లు అరిగిపోయినా మేడమ్ వంగి, గీతను కంటికి సూటిగా పెట్టుకునే చూసేవారు. నేనూ అలాగే వంగాను. ఇరవై ఎనిమిది పాయింట్ రెండు. కొట్టేసి దిద్దాను.

నా చెవి పక్కనుంచి, సరిగ్గా ఆ గాజుగొట్టం మీదికి, ఎవరో నిండుగా ఊపిరి వదిలారు.

పాదరసం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.