ముప్పై ఆరో గడి

"ఇది నావల్ల కాదమ్మా," అంది ఊలు కొట్టావిడ, దుప్పటిని బల్ల మీద పరిచి అటూ ఇటూ తిప్పి చూశాక.

"ఒక్క గడే కదక్కా," అంది కోడలు. "ముప్పై అయిదు అల్లేసి ఉన్నాయి. ఈ మూల ఒక్కటీ నిండితే చాలు. బొమ్మ కూడా వేసి తెచ్చాను."

సంచిలోంచి కాగితం తీసి పెట్టింది. నీలం కిటికీ, గట్టు మీద పసుపుపచ్చ కప్పు. పొద్దున వేసిన రంగు వాసన ఇంకా పోలేదు.

కొట్టావిడ బొమ్మను చూసింది, దుప్పటిని చూసింది. "ఎవరల్లారిది?"

"మా అత్తగారు. కళ్లజోడుకి నల్ల తాడు కట్టుకుని, రోజూ నాలుగింటికి మీ కొట్టుకే వచ్చేవారు."

"ఆవిడా!" కొట్టావిడ చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది. "రెండు నెలలై కనపడకపోతే ఏ ఊరో వెళ్లారనుకున్నాను."

"పక్షవాతం. కుడి చెయ్యి, మాట, రెండూ పోయాయి. మనుషుల్ని గుర్తుపడతారు, అంతే. ఈ దుప్పటి ఒళ్లో వేసుకుని ఆ ఖాళీ మూలనే తడుముతూ కూర్చుంటారు. నేను చూడలేకపోతున్నాను."

చూడలేకపోవడానికి కారణం ఉంది. ఆ మూల ఖాళీగా మిగిలింది ఎవరివల్లో కోడలికి బాగా తెలుసు.

పోయినేడు భర్త హఠాత్తుగా పోయాక ఆమె కుంచె ముట్టలేదు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి, రంగుల పెట్టెని బీరువా పైకి తోసేసి, గోడకేసి చూస్తూ కూర్చుంది. నెల తిరక్కుండానే అత్తగారు ఊలు ఉండా, క్రోషియా సూదీ పట్టుకుని గదిలోకి వచ్చారు.

"అమ్మాయ్, ఒక పువ్వు బొమ్మ వేసిపెట్టు. చూసి అల్లుకుంటాను. చిన్నప్పటి అలవాటు, మళ్లీ మొదలెడదామని."

కోడలికి ఒళ్లు మండిపోయింది. "మీ కొడుకు పోయి నెల కాలేదత్తయ్యా. అప్పుడే మీకు పూలు కావలసొచ్చాయా?"

అత్తగారు అక్కడే మంచం అంచున కూర్చున్నారు. కదల్లేదు. ఆవిడని గదిలోంచి పంపెయ్యడానికి పెన్సిల్‌తో ఓ పువ్వు గీసి పారేసింది కోడలు. మర్నాడు ఆవిడకి ఆకు కావాల్సొచ్చింది. ఆ మర్నాడు పిట్ట.

"పుస్తకాల్లో బోలెడు నమూనాలు ఉంటాయి కదత్తయ్యా."

"అవి చూసి అల్లడం నాకు రాదు. రంగులు కూడా వెయ్యి, లేకపోతే ఏ ఊలు వాడాలో నాకెలా తెలుస్తుంది?"

పోరు పడలేక రంగుల పెట్టె కిందికి దించింది. కోపం మాత్రం దిగలేదు. ఆవిడ నాలుగింటికి కొట్టుకి వెళితే ఆరింటికి గానీ ఇంటికి చేరేవారు కాదు. ఊలు కొనడానికి రెండు గంటలా, కబుర్లు కాకపోతే! "కొడుకు పోయినా ఆవిడ కాలక్షేపానికి లోటేం లేదు," అని ఒకరోజు ఫోనులో తన అక్కతో గట్టిగానే అంది. పక్క గదిలో అత్తగారు ఉన్నారని తెలిసే అంది. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే తన నోరు తనే మూసుకోవాలనిపిస్తుంది.

మొదటి గడులు చూసి వెక్కిరించింది కూడా. ఒకటి వంకర, ఒకటి ముడుచుకుపోయి, ఒకదానికి మూలలు లెక్కపెడితే అయిదు.

"చిన్నప్పటి అలవాటన్నారు?"

"చెయ్యి మర్చిపోయిందమ్మాయ్," అన్నారు అత్తగారు, ఊలు ఒరుసుకుని కమిలిన చూపుడువేలిని చీర కొంగులో దాచుకుంటూ.

ఇరవయ్యో గడి వచ్చేసరికి కోడలు అడక్కుండానే బొమ్మ వేస్తోంది. అవి చూసిన ప్రచురణకర్త ఒక పుస్తకం ఇచ్చాడు, దాని వెనకే ఇంకొకటి. చేతి నిండా పని. "ఇంక ఒక్కటే అమ్మాయ్, ముప్పై ఆరోది. మన కిటికీ వెయ్యి," అని అత్తగారు అడిగితే, "రేపు వేస్తానత్తయ్యా," అంది. అలా నెల రోజులు రేపు రేపు అంటూనే ఉంది. ఒక పొద్దున అత్తగారి చెయ్యి లేవలేదు.

"అందుకే మీ దగ్గరికొచ్చాను," అంది కోడలు కొట్టావిడతో. "ఆవిడ అల్లిక మీకు తెలుసు. తేడా తెలియకుండా చెయ్యండి."

"ప్రతి చేతికీ ఓ బిగువుంటుంది. నేనల్లితే అతుకు వేసినట్టు ఉంటుంది." కొట్టావిడ బల్ల కిందనుంచి పొట్టి స్టూలు లాగి, పమిటతో దులిపి ముందు పెట్టింది. "కూర్చో. నువ్వే అల్లు."

"నాకు సూది పట్టుకోవడం కూడా రాదక్కా."

"కూర్చోమ్మా."

నీలం ఊలు తెచ్చి ఆమె చూపుడువేలికి చుట్టి, సూది చేతికిచ్చింది. మొదటి ముడి జారిపోయింది. రెండోదీ అంతే. మూడోది నిలిచింది. అరగంట తంటాలు పడితే నాలుగు వరసలు తేలాయి, ఒక పక్క బిగుసుకుపోయి, ఒక పక్క వదులైపోయి. వేలు అప్పుడే కమిలింది.

"చూశారా ఎంత వంకరగా వచ్చిందో," అంది కోడలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చిన్నప్పటి నుంచీ అల్లిన మనిషి ఒళ్లో ఇది ఎలా పెట్టను? నన్ను చూసి నవ్వుతారు."

కొట్టావిడ దుప్పటి మడతలు తిప్పి, మొదటి గడి వెతికి తీసి, ఆ నాలుగు వరసల పక్కన పెట్టింది. రెండూ ఒకే వంకర.

"నవ్వరమ్మా," అంది. "పోయినేడు ఈ స్టూలు మీదే ఆవిడ మొట్టమొదటిసారి సూది పట్టుకున్నారు."