నూరో నంబరు జంట

నైరీ ఫోను పెట్టేసి కుర్చీలో ఒక చుట్టు గిర్రున తిరిగింది.

"టీవీ వాళ్ళు ఒప్పుకున్నారు హామిష్. రేపు పొద్దున మన దుప్పట్ల సర్వేకి ఐదు నిమిషాలు."

వెల్లింగ్టన్‌లోని ఆ దుప్పట్ల కంపెనీ పేరు పత్రికల్లో వచ్చేలా చూడడం నైరీ పని. సర్వేలు చేయించి లెక్కలు తేల్చడం హామిష్ పని. ఇద్దరికీ పెళ్ళై ఆరు వారాలు.

"కానీ మన సర్వేలో జవాబిచ్చిన నూరో నంబరు జంట వచ్చి కూర్చోవాలట. లేకపోతే ఆ ఐదు నిమిషాలూ పిల్లుల బిస్కెట్ల కంపెనీకి ఇచ్చేస్తారట."

హామిష్ చేతిలోని కేకుముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది. "నూరో నంబరే ఎందుకు?"

"మనం పత్రికలకి పంపిన దాంట్లో మొదటి మాట ఆయనదేగా. ‘నా భార్య రాత్రంతా దుప్పటి లాక్కుని సాసేజ్ రోల్‌లా చుట్టుకుంటుంది, నేను తువ్వాలు కప్పుకుంటాను.’ వంద జవాబుల్లోంచి నేనే ఏరాను. పేర్లు నీ దగ్గరే ఉన్నాయిగా, ఆయన్ని ఒప్పించు."

"ఆయనకి సిగ్గు."

"అయితే ఆ దుప్పటిదొంగనైనా పంపమను. కట్టుకున్నవాణ్ణి అలా వణికిస్తుందా ఎవరైనా?"

"ఆవిడకి ఇంకా తెలీదు" అన్నాడు హామిష్, కేకు వంక చూస్తూ. "వంద జంటలు కావాలన్నారు. తొంభైతొమ్మిదే దొరికాయి."

పొద్దున్నే తువ్వాలు మంచం మీద ఎందుకుంటోందో నైరీకి ఇప్పుడర్థమైంది.

"నీకు చలే వెయ్యదన్నావుగా?"

"పెళ్ళైన రాత్రి అడిగావు. ఏమనమంటావు?"

నైరీ మళ్ళీ ఫోను తీసి, నూరో జంట దొరికిందని టీవీ వాళ్ళకి చెప్పేసింది.

"రేపు ఆరింటికి బయల్దేరదాం" అంది మొగుడితో. "దుప్పటి నేను తెస్తాను. నువ్వు తువ్వాలు తెచ్చుకో."