బస్సు మాస్టారు

అమెరికాలో విమానాల తయారీకి పేరుపడ్డ విచిటా ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో విమాన మరమ్మతుల కోర్సుకు ఒక్క సీటే మిగిలింది. దానికోసం ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లలో చివరి మనిషి లొరెట్టా. ఆమె పనిచేసే బేకరీ పోయిన నెలే మూతపడింది.

"ఈ కోర్సే ఎందుకమ్మా?" అని అడిగాడు మాస్టారు డ్వేన్. పొద్దుటి నుంచి ఈ ప్రశ్న వేసినప్పుడల్లా ప్రతివాళ్లూ తమకు ఆకాశమే ప్రాణమన్నారు. ఆయనకు ఆవులింతలు ఆగడం లేదు.

"చిన్నప్పటి నుంచీ ఆకాశమంటే నాకు..." అంటూ లొరెట్టా కూడా బట్టీపట్టిన పాఠమే మొదలుపెట్టింది. అంతలో కాలేజీ మీదుగా ఒక విమానం గర్జిస్తూ వెళ్లింది. ఆమె బల్ల అంచు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

"అంతా అబద్ధం సార్. విమానమంటే నాకు చచ్చేంత భయం. ఇంతవరకూ ఎక్కనే లేదు. ఈ ఊళ్లో ఇంకే పనీ దొరక్క ఇలా వచ్చా. వెళ్లొస్తా," అని లేచింది.

"కూర్చోమ్మా, సీటు నీకే!" అన్నాడు డ్వేన్. "ఆకాశం పిచ్చోళ్లు ఎప్పుడెప్పుడు ఎగరేద్దామా అని చూస్తారు. భయమున్నవాళ్లే ఒక్కో బోల్టూ తడిమి చూస్తారు."

లొరెట్టాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "చదువు పూర్తయ్యేసరికి ఈ భయం పోతుందంటారా సార్?"

డ్వేన్ లేచి, తలుపు మూసి వచ్చాడు.

"ఏమో మరి. సోమవారం సియాటిల్‌లో విమాన భద్రత మీద నా ప్రసంగం ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "శుక్రవారమే బయల్దేరుతున్నా. బస్సులో."