పెళ్ళి ఫొటోల్లో రేవు దారి

పాత ఫొటోలు చూసి ఊరిని మునుపటిలా సరిచేసే యంత్రం పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. అది తేల్చిన హద్దుకు తిరుగులేదు.

పైడితల్లి దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. ఊరి మోతుబరి పారినాయుడు ఏటి రేవు దారిని తన స్థలంలో కలుపుకొని మేడ కట్టాక, పురిటినొప్పులు పడుతున్న ఆమె కూతురు, రేవులో పడవ ఎక్కే వీల్లేక, ఆసుపత్రికి పోయే చుట్టుదారిలోనే ప్రాణం విడిచింది. ఆ మేడలోనే పని చేస్తూ, గోడమీది పెళ్ళి ఫొటోలను పైడితల్లి ఇన్నేళ్ళూ తుడిచింది.

"మీ నాయన పెళ్ళి ఫొటోలు ఆ మిషనుకి ఇయ్యండి బాబూ. మీ వంశం గొప్ప ఊరంతా సూడాల."

"అది నువ్వు సెప్పాలేటే?" అన్నాడు నాయుడు. అన్నీ తీసుకెళ్ళి ఇచ్చాడు.

తెరమీద అతను తండ్రి తలపాగానే చూసుకున్నాడు. యంత్రం మాత్రం పెళ్ళినీళ్ళ కోసం మేళం వెనక బిందెలతో రేవులోకి దిగుతున్న ముత్తైదువలను చూసింది. ఇప్పుడు తుమ్మలు మొలిచిన ఆ రేవుదాకా వీధిని గీసింది. గీత మేడ నడిమధ్యగా పోయింది. మర్నాడే కూల్చే యంత్రాలు వచ్చాయి.

"ఓసి పైడీ, తెలిసే సెప్పినావా?"

"తెలిసే సెప్పినాను. జరగండి బాబూ, దారికి అడ్డంగా నిలబడ్డారు."