మూడు ఊళ్ల పరుగు

"విజిల్ వద్దండి. రుమాలు వదలండి," అన్నాడు ఆశీర్వాదం.

చూడామణి మేడం నోటిదాకా తెచ్చిన విజిల్ దించింది. స్పోర్ట్స్ హాస్టల్లో మిగిలిన ఒక్క సీటుకి పిల్లని వెతుక్కుంటూ నందిగామ నుంచి పొద్దున్నే వచ్చిందావిడ.

"మీ గ్రౌండులో పద్ధతులన్నీ వేరేలా ఉన్నాయే! పిల్ల కాగితాలేవి?"

"ఆఖర్న ఇస్తానండి. పోయినేడు వచ్చినాయన కాగితాలు చూసి, పరుగు చూడకుండానే వెళ్లిపోయాడు. ముందు మా అమ్మాయి పరుగు చూడండి."

రుమాలు నేల తాకేలోపే సుస్మిత గేటు దాటేసింది.

గ్రౌండు చుట్టూ మూడు ఊళ్లు, ఊరికో చర్చి. దేవుడొక్కడే అయినా మైకులు మూడు. ఆ మూడు చర్చీల వాళ్లకీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. అయినా సుస్మిత ప్రతి చర్చి దగ్గరా ఆగి గంట కొట్టి వెళుతుందంటే ఎవ్వరూ కాదనలేదు. ఎనిమిది కిలోమీటర్లు, ముప్పై అయిదు నిమిషాలు. దాటితే సీటు లేదని చూడామణి ముందే చెప్పేసింది. అడ్డదారిన రాకుండా అసిస్టెంట్ జయదేవ్‌ని బండి మీద వెనకాలే పంపింది కూడా.

తూర్పున మొదటి గంట మోగింది. వాలీబాల్ ఆడేవాళ్లు ఆట ఆపేశారు.

జయదేవ్ ఫోన్ చేశాడు. "ఈ పిల్లకి పొగరెక్కువ మేడం. హారన్ కొట్టినా తప్పుకోదు, నీళ్లు కావాలా అంటే పలకదు. గంట కొట్టాక, ఆ గంట వేలాడే స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడిపోయిందండీ!"

"టైం పోతుంటే అదేం చోద్యం?" అంది చూడామణి.

గుట్ట అవతల రెండో గంట. సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి పోయేవాళ్లు బళ్లు ఆపి చెవులు రిక్కించారు. ఇరవై తొమ్మిదో నిమిషంలో మూడో గంట మోగేసరికి చూడామణి గేటు దాకా నడిచింది. ముప్పై ఏళ్లుగా పరుగులు చూస్తోంది. కంటికి కనపడని పరుగు కోసం ఇంతమంది ఊపిరి బిగబట్టడం ఎన్నడూ ఎరగదు.

ముప్పై నాలుగో నిమిషంలో సుస్మిత గేట్లోకి వచ్చింది. గ్రౌండంతా ఒక్కటే కేకలు. ఆ పిల్ల మాత్రం తండ్రి మొహంలోకే చూసింది. ఆయన బొటనవేలెత్తాక నవ్వింది.

"సీటు నీదేనమ్మా!" అంది చూడామణి. తర్వాత ఆశీర్వాదం వైపు తిరిగింది. "అయినా ఆ స్తంభం పట్టుకుని నిలబడ్డమెందుకండీ? ఇంకా ముందే వచ్చేదిగా!"

ఆశీర్వాదం కాగితాలు ఆవిడ చేతిలో పెట్టాడు.

"గంట మోగిందో లేదో మా అమ్మాయి అరచేత్తోనే వింటుందండీ."