మూడో నంబరు ప్రెస్

“మూడో నంబరు ప్రెస్ ఆపించండి సార్. పెడల్ ఒకసారి తొక్కితే రెండుసార్లు దిగింది. నా కళ్ళతో చూశాను,” అంది సేఫ్టీ ఆఫీసర్.

సూపర్‌వైజరు చేతిలోని కాగితం మీంచి చూపు తిప్పలేదు. “చూశారు కదా, రాసివ్వండి.”

“రాసేలోపు చెయ్యి పోతుంది.”

“అమ్మా, మీరొచ్చి నాలుగు రోజులు. నేనొచ్చి ఇరవై ఏళ్ళు. ఇక్కడో పద్ధతుంది. నేను లైన్, మీరు స్టాఫ్. ఆపమని చెప్పేది నేను. ఆపితే బాగుంటుందేమో అని చెప్పేది మీరు. మీరు చెప్పారు, నేను విన్నాను. ఇద్దరి ఉద్యోగాలూ అయిపోయాయి.”

పక్క యంత్రాల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

ధన్. ఇనప రేకు మీద ప్రెస్ దిగింది. ఆపరేటరు రేకు తీసి, ఇంకో రేకు లోపల సర్ది, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ధన్. ఆమె లోలోపల లెక్కపెట్టుకుంది. ఆరు సెకన్లకోసారి ఆ చెయ్యి లోపలికి వెళ్తోంది.

ముక్కు మీదికి జారుతున్న కొత్త హెల్మెట్ వెనక్కి తోసుకుని ప్రెస్ దగ్గరికి నడిచింది. “మీరైనా ఆపండి.”

“సూపర్‌వైజరు గారు చెప్పాలి మేడమ్,” అన్నాడు ఆపరేటరు, తల ఎత్తకుండానే.

వెనక నుంచి సూపర్‌వైజరు గొంతు వినిపించింది. “మేడమ్ గారూ, నా మనుషులకు మీరు ఆర్డర్లు వేస్తే మీకో మెమో, విన్నవాడికో మెమో.”

ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన టీలో ముంచిన బిస్కెట్టు విరిగి పడకముందే నోట్లో వేసుకునే ప్రయత్నంలో ఉన్నాడు. నెగ్గాడు కూడా. ఆ సంతోషంలోనే ఆమె చెప్పిందంతా విన్నాడు.

“గోడ మీద పటం చూడండి. ఈ నిలువు గీత మీద ఉన్నవాళ్ళు ఆర్డరు వేస్తారు. మీ గడి పక్కకి ఉంది కదా, చుక్కల గీతతో. చుక్కల మీంచి ఆర్డరు నడవదమ్మా.”

“మరేం నడుస్తుంది సార్?”

“సలహా. కాగితం మీద పెట్టండి, సోమవారం మీటింగులో చూద్దాం.”

“సోమవారానికి ఎన్ని వేళ్ళు మిగులుతాయో సార్.”

ఆయన ఇంకో బిస్కెట్టు తీశాడు.

ఆమె మెట్లు దిగుతోంది. ధన్. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర మళ్ళీ ధన్. వెంటనే ఇంకోసారి ధన్.

పరుగెత్తింది. చెయ్యి బయటే ఉంది. రేకు మాత్రం నలిగి ముద్దయింది. ఆపరేటరు అరచేతి చెమట ప్యాంటుకి తుడుచుకుని, ఇంకో రేకు అందుకున్నాడు.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ప్రెస్ ముందు నిలబడింది. ఏమీ అనలేదు. అతని వంక చూసింది, అంతే.

అతను తలెత్తాడు. పెడల్ మీంచి కాలు తీశాడు. స్విచ్ ఆపేశాడు. చేతి తొడుగులు విప్పడం మొదలుపెట్టాడు.

సూపర్‌వైజరు రుసరుసలాడుతూ వచ్చాడు. “ఎందుకాపావ్?”

“సగం రోజు సెలవు కావాలి సార్.”

“పెళ్ళని పది రోజులు పోయి మొన్నేగా వచ్చావు. ఈ షిఫ్టులో ఆ ప్రెస్ నడపడం వచ్చినవాడివి నువ్వొక్కడివే. నువ్వెళ్తే నేను దీన్ని చూస్తూ కూర్చోవాలా?” ఆయన చూపు ఆమె మీద పడింది. “అదీ సంగతి. మేడమ్ ఆపమన్నారు కదూ? నిజం చెప్పు.”

“ఈసారి మేడమ్ ఒక్క మాట కూడా అనలేదు సార్. మా ఆవిడ వద్దంటోంది.”

“అంటే మెషిన్ల దగ్గరికి ఫోన్ తెచ్చావన్నమాట.”

“ఫోనెందుకు సార్,” అన్నాడతను తొడుగులు మడత పెట్టుకుంటూ. “మీ పక్కనే నిలబడి ఉందిగా.”